క్యాంటీన్ పిన్ని టీవీ వంట

మా పిన్ని చేతిలో పడ్డ తిండి చెత్తబుట్ట దాకా వెళ్లదు. ఇది పొగడ్త కాదు, మా ఇంట్లో అందరం పడ్డ కష్టం. చిన్నప్పుడు సెలవులకి వాళ్లింటికి వెళితే, రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే ఉల్లిపాయ ముక్కల మధ్య నుంచి మళ్లీ పలకరించేది. మధ్యాహ్నం మిగిలిన కూర సాయంత్రానికి బ్రెడ్డు ముక్కల మధ్య దాక్కుని వచ్చేది. "పిన్నీ, ఇది నిన్నటిదే కదా?" అంటే, "నువ్వూ నిన్నటిదానివే, నిన్ను పారేశామా?" అనేది. ఆ మాటకి ఎదురు చెప్పగలిగినవాళ్లు మా వైపు ఇంతవరకూ పుట్టలేదు.

ఒక పెద్ద ఆఫీసు భవనం కింది అంతస్తులో ఉన్న క్యాంటీనులో ఆమె వంట చేస్తుంది. వంటమనిషి అంటే ఊరుకోదు, హెడ్ కుక్ అనాలి. గిన్నెలు తోమడానికి చేరి, కూరగాయలు తరిగే బల్ల దగ్గరికి, అక్కణ్నుంచి పొయ్యి దగ్గరికి రావడానికి సగం వయసు కరిగిపోయింది మరి. పొద్దున్నే ఆమె చేసే మొదటి పని, ముందురోజు మిగిలినవన్నీ ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద వరసగా పెట్టించి, ఒక్కో మూతా ఎత్తి వాసన చూసి, ఏది వంటలోకి, ఏది బయటికి అని తేల్చడం. ఆ కాసేపూ మేనేజరు కూడా ఆమె ముందు గొంతు పెంచడు.

బాబాయి అదే క్యాంటీనులో కిటికీ వెనక కూర్చుని కూపన్లు అమ్ముతాడు. నెమ్మదైన మనిషి. నాలుగు మాటలు కావలసిన చోట రెండు కూడబెట్టుకుని, చివరికి ఆ రెండూ మింగేస్తాడు. పొద్దున్నే కిటికీ తెరిచే ముందు టీ వంకతో వంటగది వెనక గుమ్మంలోంచి లోపలికి వస్తాడు. అది చూసి క్యాంటీనులో అందరూ, పెళ్లాం కొంగు వదలలేడు పాపం అని నవ్వుకుంటారు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేస్తాడు.

ఇక మా సంగతి. కాలేజీలో మాది సినిమా, టీవీ కోర్సు. ఆఖరి ఏడాదిలో ఉండగా, తిండి వృథా తగ్గించడం మీద విద్యార్థులే ఒక వంటల కార్యక్రమం తయారుచేయాలని ఊళ్లో ఉన్న టీవీ చానెల్ అడిగింది. ముందు ఒక ఎపిసోడ్ తీసి చూపించాలి. నచ్చితే వారం వారం వేస్తారు. మా జట్టులో ముగ్గురం. దర్శకుణ్ని 'కట్' అంటాం, ఎందుకంటే టీ దగ్గర ఎవరైనా కాస్త ఎక్కువ మాట్లాడినా అదే మాట అంటాడు. శబ్దం చూసుకునేవాడు 'మైకు'. కెమెరా నాది.

వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న రాగానే నేను ఆలోచించకుండా పిన్ని పేరు చెప్పేశాను. ముగ్గురం క్యాంటీనుకి వెళ్లాం. ఆమె పెట్టింది తిని, చెప్పింది విని, కట్ అక్కడికక్కడే, "ఆంటీ, మీరే మా షో" అని చెయ్యి కలిపాడు. పిన్ని నవ్వింది. వాళ్లు అటు తిరగగానే నా రెక్క పట్టుకుని సామాన్ల గదిలోకి లాక్కెళ్లింది.

"ఎంత పని చేశావే!"

"ఏమైంది పిన్నీ?"

ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది. "నాకు వాసన తెలియట్లేదే. పోయినేడు జ్వరమొచ్చి తగ్గింది చూడు, దాంతోపాటే పోయింది. డాక్టరు రావచ్చన్నాడు, రాకపోవచ్చని కూడా అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను."

"మరి రోజూ పొద్దున్నే..."

"మీ బాబాయి. ఆయన టీకి వచ్చినప్పుడు నేను అందర్నీ ముందు హాల్లోకి తీసుకెళ్లి మాటల్లో పెడతాను. ఆయన ఈలోగా అన్నీ వాసన చూసి, బాగున్నవాటికి మూత మామూలుగా పెడతాడు, పాడైనవాటికి బోర్లా పెట్టి వెళ్తాడు. తర్వాత నేను వచ్చి ముక్కు దగ్గర పెట్టుకుని నాటకం ఆడతాను." గొంతు తగ్గించింది. "మేనేజరుకి తెలిస్తే పొయ్యి దగ్గర ఉంచుతాడా? మళ్లీ గిన్నెల దగ్గరికే. ఈ వయసులో నేను అక్కడికి వెళ్లలేనే."

"అయితే షో చేయనని చెప్పేయ్."

"ఎందుకు చేయవని పదిమంది అడుగుతారు. ఏం చెప్పను?" చేతులు తుడుచుకుంది. తర్వాత అసలు మాట చెప్పింది. "ఎన్నాళ్లు దాస్తానో తెలీదు. బయటపడేలోగా ఒక్కసారి, నేను పొయ్యి దగ్గర ఉండగా నలుగురూ చూస్తే బాగుండుననిపించింది."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. షూటింగ్‌లో కూడా క్యాంటీను పద్ధతే పెట్టుకుందామని పిన్నీ బాబాయీ నేనూ అనుకున్నాం. బాబాయి ముందే వచ్చి డబ్బాలు చూసి మూతలు పెడతాడు, ఆ తర్వాత పిన్ని వచ్చి వాసన చూస్తుంది. అంతే.

ఇక్కడ మా తెలివితేటల గురించి కొంత చెప్పాలి. కార్యక్రమం మిగిలిన తిండి మీద. కానీ మాకు మిగిలిన తిండి లేదు, ముగ్గురు హాస్టలు పిల్లల దగ్గర ఏం మిగులుతుంది? అందుకని కట్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ముందురోజే అన్నం, సూప్, కూర అన్నీ కొత్తగా వండి, వాటిని మిగల్చాలి. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని రెండేసి గిన్నెలు వండాం. టమాటాలు మరీ నిగనిగలాడుతున్నాయని స్టూడియో లైట్ల కింద పెట్టి వాడగొట్టాం. వృథా తగ్గించమని చెప్పడానికి మేం పారేసినంత తిండి మా హాస్టలు మొత్తం కలిసి కూడా పారేసి ఉండదు. ఇందులో తప్పేముందో ఆ రోజు మాకెవరికీ తట్టలేదు. పైగా బాగా కష్టపడుతున్నామని ఒకరినొకరం మెచ్చుకున్నాం.

వండినవన్నీ గాజు డబ్బాల్లో పోసి సెట్ మీది ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఒకసారి రిహార్సల్ చేశాం. అది బాగానే జరిగింది. మర్నాడు పొద్దున్న రికార్డింగ్. చానెల్ నుంచి ఒక మేడమ్ వచ్చి ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పిన్ని కొత్త ఏప్రన్ కట్టుకుంది. జుట్టుకి ఏం రాసిందో తెలియదు గానీ, ఒక్క వెంట్రుక కదలడం లేదు. ఆమెని అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు.

బాబాయి కూడా అనుకున్న ప్రకారం ముందే వచ్చాడు. ఫ్రిజ్ వైపు రెండడుగులు వేశాడో లేదో, కట్ పరిగెత్తుకొచ్చాడు.

"అంకుల్ అంకుల్, అది ముట్టుకోకండి! డబ్బాలన్నీ షాట్‌కి సర్ది పెట్టాను. అంగుళం కదిలినా నిన్న రిహార్సల్‌లో కుదుర్చుకున్న షాట్ చెడిపోతుంది."

"ఒక్కసారి చూసి..."

"తర్వాత తిందురుగానీ అంకుల్. ప్లీజ్."

అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. ఆయన వెళ్లి మైకు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను పిన్ని దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. "బాబాయిని చూడనివ్వలేదు. అయినా భయం లేదులే. నిన్న వండినవే, అప్పట్నుంచీ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి." ఆమె ఊపిరి పీల్చుకుని తలూపింది.

నాకు తెలియనిది ఒక్కటే. ముందురోజు రిహార్సల్‌లో ఫ్రిజ్ రొద రికార్డింగులో పడుతోందని మైకు దాని ప్లగ్గు పీకేశాడు. శబ్దం చూసేవాళ్లందరూ చేసే పనే అది. అయిపోయాక మళ్లీ పెట్టాలి. మావాడు తన చెవుల్లో గుయ్యిమనేది ఆగిన సంతోషంలో ఆ సంగతే మరిచిపోయాడు. పాలు పోసి చేసిన సూప్ రిహార్సల్ అయ్యేదాకా లైట్ల వేడిలో కాగి, రాత్రంతా మూసిన పెట్టెలో మగ్గింది.

కట్ "యాక్షన్" అన్నాడు. పిన్ని కెమెరా వైపు చూసి, చెప్పాల్సిన మాటలు తడుముకోకుండా చెప్పింది. ఫ్రిజ్ తెరిచి సూప్ డబ్బా తీసింది. మూత ఎత్తింది.

వాసన నా దాకా వచ్చింది. కెమెరా వెనక ఉన్న నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకు ముక్కు మూసుకున్నాడు. చానెల్ మేడమ్ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. కట్ నోరు తెరిచి మళ్లీ మూసేశాడు. పిన్ని మాత్రం డబ్బా ముఖానికి దగ్గరగా పెట్టుకుని, కళ్లు సగం మూసి, హాయిగా వాసన పీల్చింది.

ఆ తర్వాత చెప్పాల్సిన మాట 'బ్రహ్మాండంగా ఉంది'. అది చెప్పబోయి ఆగింది. రోజూ ఆయన చూశాక గానీ ఏదీ పొయ్యి ఎక్కించని మనిషి. అలవాటు కొద్దీ ఆమె చూపు బాబాయి వైపు వెళ్లింది.

బాబాయి లేచాడు. ఎవరూ ఆపేలోగా లైట్ల మధ్యకి వచ్చి డబ్బా అందుకున్నాడు. వంగి ముక్కు దాదాపు సూప్‌లో పెట్టినంత పని చేశాడు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. గది గదంతా ముక్కులు మూసుకుని నిలబడి ఉంటే ఆయన నిదానంగా బల్ల మీది చెంచా తీసుకుని, నిండుగా ముంచి, నోట్లో పెట్టుకున్నాడు.

పిన్ని అప్పుడు మా ముఖాలు చూసింది. ఒక్కొక్కరివీ చూసింది. తర్వాత ఆయన ముఖం చూసింది.

"ఏవండీ," అంది, "మీకు కూడానా?"

బాబాయి మింగబోయి ఆగి, పిన్ని ఏప్రన్ కొసలోకి ఉమ్మేశాడు. "పులిసింది," అన్నాడు. "పారేయ్."

నేను కెమెరా ఆపలేదు. ఆపాలని తోచలేదు.

పిన్ని ఆయన్ని బయట వరండాలోకి లాక్కెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను. అసలు సంగతి అక్కడ బయటపడింది. పోయినేడు ఆ జ్వరం ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. వాసనా ఇద్దరికీ ఒకేసారి పోయింది. పిన్ని తన సంగతి ముందు చెప్పుకుని ఏడ్చింది, ఆయన తన సంగతి మింగేశాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే, ఆమె అందర్నీ ముందు హాల్లో మాటల్లో పెట్టే ఆ కాసేపట్లో, బల్ల మీదున్న ప్రతి గిన్నెలోంచీ ఒక్కో చెంచా తింటున్నాడు. నాలుకకి పులుపు తెలుస్తుంది కదా, దాని మీదే నెట్టుకొచ్చాడు. అనుమానమున్నదైతే ఇంకో చెంచా తిని, టీ అయ్యేదాకా కడుపు ఏమంటుందో చూసుకుని, అప్పుడు మూత పెట్టేవాడు.

"అరగట్లేదు అరగట్లేదు అని వారానికోసారి పడుకునేది ఇందుకా? మీకేమైనా అయితే?"

"ఏమీ కాలేదుగా."

"నాకు చెబితే ఏం పోయేది?"

బాబాయికి మాట ఇక మింగడానికి వీల్లేకపోయింది. "చెబితే నువ్వు పొయ్యి వదిలేస్తావు. అది వదిలేసి నువ్వు బతకగలవా?"

పిన్ని ఆయన భుజం మీద గట్టిగా ఒక్కటిచ్చింది. తర్వాత అదే భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్కడ దాచుకోవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ముగ్గురం లోపలికి వచ్చేసరికి చానెల్ మేడమ్, కెమెరాలో పడ్డ ఆ ముక్క ఉంటేనే ఎపిసోడ్ వేస్తానని కట్‌తో అంటోంది. కట్ మొదటిసారి ఏ మాటా అనకుండా నా వైపు చూశాడు. నేను పిన్ని వైపు చూశాను. అది టీవీలో వస్తే క్యాంటీనంతా చూస్తుంది.

"ఉంచుకోండి," అంది పిన్ని. "వాళ్లు టీవీలో చూసేదాకా ఎందుకు, రేపు పొద్దున్నే నేనే చెబుతాను. ఇంకో చెంచా ఈ మనిషి నోట్లోకి పోవడానికి వీల్లేదు."

అన్నట్టే చెప్పింది. మేనేజరు తన గది తాళం తీయకముందే గుమ్మంలో నిలబడి అంతా చెప్పేసింది. ఆయన చెమట తుడుచుకుని, ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కానందుకు దేవుణ్ని తలచుకుని, పిన్నిని బాగా తిట్టాడు. తిట్టాల్సిందే, ఆ మాట పిన్నే ఒప్పుకుంది. చివరికి పొయ్యి ఆమెకే వదిలాడు, ఎందుకంటే ఆమెలా వండేవాళ్లు ఆయనకి ఇంకెవరూ లేరు. కానీ పొద్దున్నే మూతలు తీసి ఏది ఉంచాలో తేల్చే పని రెండో కుక్‌కి అప్పగించాడు.

ఈ రెండో కుక్‌కి పిన్ని పెట్టిన పేరు పారబోత. కాస్త అనుమానం వస్తే చాలు, గిన్నె గిన్నె కుమ్మరించేస్తుంది. ఇద్దరికీ మొదట్నుంచీ పడదు, ఉప్పు డబ్బా అందుకోవడానికి కూడా ఒకరినొకరు అడగరు. ఇప్పుడు పొద్దున్నే పారబోత ఆ బల్ల దగ్గర నిలబడి వాసన చూస్తుంటే, పిన్ని అటువైపు చూడకుండా ఉల్లిపాయలు తరుగుతుంది. కడుపు మండిపోతోందే అని నాతో చెప్పుకుంది, దాపరికమేమీ లేకుండా.

మా షో వారం వారం వస్తోంది. ఫ్రిజ్ ప్లగ్గు చూసుకోవడం ఇప్పుడు నా పని. పోయినవారం షూటింగ్ మాట్లాడటానికి మధ్యాహ్నం క్యాంటీనుకి వెళ్లాను. భోజనాల వేళ, వంటగదిలో ఊపిరాడని హడావిడి. పిన్ని కూపన్ల కిటికీకి పంపాల్సిన బాబాయి ప్లేటు పట్టుకుని, పారబోత చేతిలో పని అయ్యేదాకా పక్కన నిలబడి ఉంది.

"ఇదిగో," అంది చివరికి, ప్లేటు ముందుకు జరిపి. "మా ఆయనది. ఒక్కసారి వాసన చూసి పెట్టవా."