మామ చేతిలో విజిల్

1935 మార్చిలో కోవిల్‌పట్టి మిల్లు జట్టు వెంట నేను విరుదునగర్ వెళ్ళింది శిక్షకుడి హోదాలో. ఆట మానేసి అప్పటికి రెండేళ్ళయింది. పగలు మిల్లు గేటు దగ్గర టైంకీపర్ని, సాయంత్రం కుర్రాళ్ళకు ఆట నేర్పేవాణ్ణి. ఆ పర్యటనలో నా పని సీసాల్లో నీళ్ళు, కట్టుగుడ్డలు చూసుకోవడం వరకే. కానీ ఆ రోజు విజిల్ పట్టుకుని గ్రౌండులోకి దిగాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకుంటున్నామని పైకి ఎవరూ అనేవారు కాదు. ప్రతి ఆటగాడి పేరూ మిల్లులో ఏదో ఒక శాఖ కింద ఉండేది. నాది పత్తి గోడౌను. పొద్దున కాసేపు బేళ్ళ దగ్గర కనబడితే చాలు, తక్కిన రోజంతా సాధనే. ఒట్టపిడారం దగ్గర నల్లరేగడిలో పత్తి, జొన్న పండించుకునే మా నాయనకు ఈ సంగతి చివరిదాకా మింగుడు పడలేదు. "పందును తన్నేదానికి కూలి ఇస్తారా? ఎంత పిచ్చి మొదలాళి రా వాడు!" అని వచ్చినవాళ్ళందరి ముందూ ఆశ్చర్యపోయేవాడు. బంతిని మా వైపు పందు అంటారు. ఆ పిచ్చి యజమాని జీతంతోనే మా బావికి రాతికట్టు కట్టించాను. ఆ బావి నీళ్ళు మాత్రం ఆయన కాదనకుండా పత్తికి పెట్టుకున్నాడు.

నేను సెంటర్ హాఫ్ ఆడేవాణ్ణి. ముందు అయిదుగురు దాడి చేస్తుంటే వెనక ఇద్దరు బ్యాకులు కాపు కాస్తారు. ఈ రెంటికీ నడుమ ముగ్గురు హాఫ్‌లు, ఆ ముగ్గురిలో మధ్యవాడు సెంటర్ హాఫ్. జట్టు మొత్తం వాడి గొంతు మీదే నడుస్తుంది. మా వాళ్ళలో సగానికి పైగా తెలుగు ఇళ్ళవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కెప్టెన్ అయ్యాక నేను ఆ ఇంటి మాటను గ్రౌండులోకి తెచ్చాను. బంతి ఎటు ఇవ్వాలో, ఎవణ్ణి కాయాలో గొంతెత్తి తెలుగులో అరిచేవాళ్ళం. పక్కనే ఉన్న ఎదుటివాడికి ఒక్క ముక్కా తెలిసేది కాదు. తిరునెల్వేలి దాకా మాకు అదొక ఆయుధమని పేరు. ఆ పేరు తెచ్చింది నేనేనని ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

కాళ్ళు ఆడినన్నాళ్ళే మిల్లులో ఆటగాడి పేరు. ఒక మ్యాచ్‌లో ఎవడో బంతిని వదిలేసి నా మోకాలిని తన్నాడు. రెఫరీ చూడనట్టే ఊరుకున్నాడు. నా ఆట అక్కడితో సరి. మేనేజరు దయతలచి గేటు దగ్గర పని ఇచ్చాడు. నేను ఊరుకోకుండా మదురై వెళ్ళి రెఫరీ పరీక్ష రాసి నెగ్గాను. మోకాలు పోయినా ఆట నియమాలు పోలేదు కదా అనుకున్నాను.

విరుదునగర్‌ను పెద్దవాళ్ళు అప్పటికీ విరుదుపట్టి అనే అనేవారు. అక్కడి గ్రౌండు మిరపకాయలు ఆరబోసే కళ్ళాల పక్కనే. గాలి తిరిగిందంటే రెండు జట్లూ ఆట ఆపి తుమ్మాల్సిందే. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగువాళ్ళకు కొదవ లేదు గానీ, ఆ జట్టు మాత్రం అచ్చంగా బజారు కుర్రాళ్ళది, వాళ్ళకు తెలుగు రాదు. వాళ్ళ కెప్టెన్ సెల్వరాజ్ పత్తి ప్రెస్సులో బేళ్ళు మోసేవాడు. ఆ రోజు మోకాలికి కట్టు కట్టుకునే దిగాడు.

అది ఫైనల్. రావలసిన రెఫరీ జ్వరంతో రాలేదు. అలాంటప్పుడు ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే, అక్కడున్నవాళ్ళలో పరీక్ష నెగ్గినవాడెవడైనా ఆట నడపవచ్చు. సెల్వరాజే నా పేరు చెప్పాడు. దొంగ చేతికి తాళాలిస్తున్నావని వాళ్ళ వాళ్ళు సణిగారు. ఇన్నేళ్ళు గురుసామికి ఎదురు నిలిచి ఆడాను, ఆయన సంగతి నాకు తెలుసు అని వాళ్ళ నోరు మూయించాడు. ఆ ఒక్క మాటతో నా మీద ఎంత బరువు పెట్టాడో అతనికి తెలియదు.

మా కెప్టెన్ వెంకటసామి నా సొంత అక్క కొడుకు. వాడి సంతోషం అంతా ఇంతా కాదు. "మామ రెఫరీ అంట! ఇంక కప్పు మనదే రా!" అని గంతులేశాడు. పక్కకు పిలిచి, గ్రౌండులో నన్ను మామా అని పిలవొద్దన్నాను.

"అట్లనే మామా" అన్నాడు.

మొదటి సగంలో చెరో గోలు పడింది. రెండో సగంలో సెల్వరాజ్ కుంటుతూనే మా బ్యాకులను ముప్పుతిప్పలు పెట్టాడు. ఆట ముగింపుకు వస్తుండగా వెంకటసామి మా బ్యాక్ కొండప్ప వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"కొండప్పా, పందును వదులురా! కట్టు కట్టిన ముట్టి చూసి ఒక్కటి తన్ను. మళ్ళా లేవడు!"

ముట్టి అంటే మా వైపు మోకాలు. నేను పక్కనే ఉన్నాను. వాడు నన్ను చూడకపోలేదు, చూసే అరిచాడు. తెలుగులో అన్నది ఇంట్లో అన్నట్టే, ఇంటివాడు దాన్ని బయటపెట్టడని వాడి ధీమా. ఆ అలవాటు నేర్పిందీ నేనే. నా మోకాలు నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. ఒళ్ళు మండిపోయింది.

విజిల్ ఊదాను. రెఫరీ ఆట ఆపి కెప్టెన్ను పిలిచి, కారణం చెప్పి హెచ్చరించి పేరు రాసుకుంటాడు. మళ్ళీ తప్పు చేస్తే బయటికి పంపుతాడు. పద్ధతి అంతే. కారణం నేను తమిళంలో చెప్పాను. వెంకటసామి అన్న మాటను ఉన్నదున్నట్టు, గీత అవతల నిలబడ్డవాళ్ళకు కూడా వినబడేటట్టు చెప్పాను. సెల్వరాజ్ ఒకసారి తన మోకాలి వైపు చూసుకున్నాడు.

వెంకటసామి ముఖం నల్లబడింది. "ఇంట్లో మాటని వీధిలో పెడతావా మామా? మా అమ్మ మొగం యెట్ల చూస్తావు?"

ఇంకొక్క మాట మాట్లాడితే బయటికి పంపుతానని తమిళంలోనే బదులిచ్చాను. రెండు జట్ల నుంచి చెరొకణ్ణి నిలబెట్టి, ఇద్దరి నడుమ బంతి వదిలి ఆట మొదలుపెట్టించాను. కాసేపటికి సెల్వరాజ్ బంతితో దూసుకొచ్చాడు. ఎదురుగా కొండప్ప ఒక్కడే. కాలు ఎత్తాడు, నా వైపు చూశాడు, దించేశాడు. బంతి గోలులో పడింది. మిల్లు ఓడిపోయింది.

తిరుగు రైల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. సాత్తూరు స్టేషన్లో అందరూ లేత దోసకాయలు కొనుక్కుని, ఉప్పూ కారం అద్దుకుని తిన్నారు. నాకు ఒక ముక్క ఇచ్చిన పాపాన పోలేదు. మర్నాడు మేనేజరు పిలిచి, నీకు జీతం ఇచ్చేదెవరని అడిగాడు. టైంకీపర్‌గా మిల్లు ఇస్తోంది, నిన్న మాత్రం నేను టైంకీపర్ని కాను, రెఫరీని అన్నాను. గేటు పని ఉంచి, శిక్షకుడి పని తీసేశాడు. మా అక్క చాలా రోజులు మా గడప తొక్కలేదు. నాకు బాధ కలిగింది గానీ, చేసిన పనికి ఒక్కనాడూ తల దించుకోలేదు.

ఆ ఏడాదిలోనే తిరునెల్వేలిలో ఒక మ్యాచ్‌లో ఎవడో వెంకటసామి మోకాలిని తన్నాడు. అక్కడి రెఫరీ అటు తిరిగి నిలబడ్డాడు. వాడు చాన్నాళ్ళు మంచం మీదే ఉన్నాడు. వాడి అదృష్టం బాగుండి కాలు నిలిచింది.

మరుసటి ఏడు ఫైనల్‌కు మళ్ళీ అవే జట్లు వచ్చాయి. విరుదునగర్ వాళ్ళు ముందుగానే నా పేరు అడిగారు. ఒప్పుకోవలసింది వెంకటసామి. రెండు జట్లూ వరసగా నిలబడి ఉండగా వాడు ముందుకు వచ్చి, "గురుసామి సారునే పెట్టండి, ఆయన చెవులకు చుట్టాలు లేరు" అన్నాడు. ఆ మాట తమిళంలో, అందరికీ వినబడేలా అన్నాడు.

ఆ మ్యాచ్ మిల్లు గెలిచింది. మామే రెఫరీ కదా, గెలవక ఏం చేస్తారని ఆ గుంపులో ఒక్కరూ అనలేదు. సెల్వరాజే కప్పును వెంకటసామి చేతికి అందించాడు.

ఆటగాడిగా నన్ను మిల్లు కోరుకుంది. రెఫరీగా రెండు ఊళ్ళూ కోరుకున్నాయి. నెగ్గినవాడి గెలుపును ఓడినవాడు కూడా ఒప్పుకునేలా చూడడమే రెఫరీ పని. అది నేను నేర్చుకున్నది ఆ రెండు మ్యాచ్‌లలోనే.