బావ పైపులో చిల్లి

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పే మనిషిని నేను. ఇందులో వచ్చే నీళ్ల కొలతలన్నిటినీ నాలుగుతో భాగించుకుని చదవండి.

మా అక్క మొగుడు మంగళూరు రేవులో పనిచేసి, తొంభైల్లో కర్ణాటకలోని మా పావగడకు తిరిగొస్తూ సముద్రాన్ని వెంట తెచ్చుకున్నాడు. తాలూకాలో వాన మొహం చూసి మూడేళ్లు. వేరుశనగ చెట్లు జానెడు ఎత్తులోనే మాడిపోతుంటే, ఆయన మాత్రం నడవలో ఏనుగు ఈదేంత గాజుతొట్టె పెట్టాడు. అందులో లారీ మీద క్యాన్లలో వచ్చిన సముద్రపు నీళ్లు, రెండు నారింజరంగు చేపలు. దాని కింద ఇంకో చిన్న తొట్టె. పైన నిండి మిగిలిన నీళ్లు అందులోకి దిగుతాయి, మోటారు వాటిని పైపులో మళ్లీ పైకి తోస్తుంది. నీళ్లు తిరుగుతుంటేనే చేపలకు ఊపిరి.

"ఉప్పునీళ్ల కోసరం మంగళూరు దాకా యాల నాయనా? మా బోర్లో వచ్చేటివి అవే. రెండు బిందెలు తీస్కపో" అంది పక్కింటి అవ్వ.

"ఆ ఉప్పు వేరవ్వా. అవి పోస్తే చేపలు చచ్చిపోతాయి" అన్నాడు బావ.

ఒకసారి ఆయన తుమకూరు వెళుతూ తొట్టెను నాకు అప్పగించాడు. "బోరు మోటార్లు విప్పేటోడివి, నీకంటే ఎవురుండారు బామ్మర్దీ? నీళ్లు తిరుగుతా ఉండాల, అంతే."

మర్నాడు పొద్దున చూస్తే, తొట్టె అంచు మీదుగా వంగి లోపలికి దిగే పైపుకు, నీటిమట్టానికి వేలెడు పైన, సూదిమొనంత చిల్లి. దాంట్లోంచి సన్నటి ధార గాజు మీదికి చిమ్ముతోంది. పైపు కారుతుంటే చూసి ఊరుకునే మనిషి మా తాలూకాలో పుట్టలేదు. బస్సులో పోతున్నా దిగి, కట్టి ఎక్కుతాం. పాత సైకిల్ ట్యూబు చీల్చి పదకొండు చుట్లు బిగించాను.

"చూడక్కా, మీ ఆయప్ప సముద్రం కారిపోతా ఉండె. నిలిపేసినా."

పదకొండు గంటలకు కరెంటు పోయింది. రోజూ పోయేదే. మోటారు ఆగింది. ఆ తర్వాత కింద గుడగుడమని చప్పుడు. చిన్న తొట్టె నిండి, పొర్లి, నడవంతా సముద్రమైంది. పైతొట్టెలో నీళ్లు జానెడు జానెడు దిగిపోతున్నాయి. పైపు మూతి అడుగుదాకా ఉంది, ఎక్కిన దారినే నీళ్లు వెనక్కి దిగుతున్నాయి. వాల్వు కోసం వెతికాను, లేదు. జాయింట్లన్నీ తడిమాను, బిగువుగానే ఉన్నాయి. నాలుగు వేళ్ల నీళ్లలో చేపలు పక్కకు వాలాయి.

అక్క గిన్నెలతో నీళ్లు పడుతూనే అంది: "ఒరేయ్, పొద్దున కట్టింది విప్పు."

"అది చిల్లి గదక్కా."

"కరెంటు దినామూ పోతాది. దినామూ ఇట్ల పొర్లలేదు. ఈ పొద్దు కొత్తగా ఉండేది నీ రబ్బరొకటే."

పదకొండు చుట్లూ విప్పాను. చిల్లి గుటుక్కున గాలి మింగింది. నీళ్లు ఠక్కున ఆగిపోయాయి.

కిందనీళ్లన్నీ చెంబుతో పైకి ఎత్తి పోశాం. నీళ్లు కదులుతూ ఉండాలని, కరెంటు వచ్చే నాలుగింటి దాకా ముంచి పోస్తూనే ఉన్నాం. నలభై వేల చెంబులు. సాయంత్రానికి చేపలు రెండూ నిటారుగా లేచి ఈదాయి.

బావ వచ్చి, నేలమీది రబ్బరు ముక్క చూశాడు.

"ఆ చిల్లి నేనే కొట్టినా బామ్మర్దీ. మోటారు నిలిస్తే దాంట్లో గాలి దూరి, నీళ్లు వెనక్కి రాకుండా ఆగాలని."

తర్వాత చిల్లి చుట్టూ ఎర్రరంగు పూసి, పక్కన మేం బళ్లో నేర్చిన కన్నడ అక్షరాల్లో 'ముట్టవద్దు' అని రాశాడు.

భాగించుకోవడం ఇక్కడ ఆపండి. పదకొండు చుట్లు పదకొండే, అక్క మాటలు అక్కవే. నేను కల్పించింది ఒక్కటి: రెండో చేప ఈదలేదు. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే దాన్నిలా కాగితం మీద బతికించే అవసరం నాకు వచ్చేది కాదు.