కొమ్మల కింద వాలీబాల్

మా చెల్లెలు దేశం తరఫున వాలీబాల్ ఆడకపోవడానికి కారణం నేనే. డ్రిల్లు మాస్టర్నన్న మాటేగానీ, నా బుర్రకు ఎవరూ డ్రిల్లు చేయించలేదు.

నూజివీడులో ఆడపిల్లలకు మైదానం దొరక్క, ఒక ఆసామిని బతిమాలి ఆయన మామిడితోటలో రెండు చెట్లకు నెట్టు కట్టాను. “ఒక్క కాయ రాలినా నెట్టు పీకేస్తానండోయ్ మాస్టారూ” అన్నాడాయన. నేను బుద్ధిగా తలూపి, బంతి కొమ్మలకు తగలకుండా ఆడటమే గొప్ప విద్యగా చెల్లెలికీ మిగతా పిల్లలకీ మూడేళ్లు నేర్పాను.

జాతీయ మహిళా జట్టు ఎంపికకు చెల్లెలికి పిలుపొచ్చింది. ఎంపికైతే ఆట, లేకపోతే ఇంటిపట్టునే ఉండాలన్నారు నాన్న.

ఎంపిక జరిగిన మద్రాసు మైదానంలో అంతా ఆరుబయలు. బంతిని తాటిచెట్టంత ఎత్తు లేపుతున్నారు. చెల్లెలు ఎగిరిన ప్రతిసారీ, లేని కొమ్మ తగులుతుందన్నట్టు తల వంచేసింది. కొట్టిన ప్రతి బంతీ నెట్టులోకే పోయింది. “తలెత్తవే!” అని గొంతు పోయేలా అరిచాను. ఆమె వల్ల కాలేదు. చివర్లో చదివిన పేర్లలో ఆమె పేరు లేదు.

తిరుగు రైలు బెజవాడ చేరుతోంది. అప్పుడు, “పైన ఏమీ లేదని నాకు తెలుసన్నయ్యా. నా మెడకే తెలీలేదు” అంది చెల్లెలు. ఇంజను బొగ్గు నలుసు పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమెను తోటకు లాక్కెళ్లి, బంతిని కొమ్మల్లోకి లేపి, “కొట్టు” అన్నాను. కాయలు టపటపా రాలాయి. ఆసామి పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“ఏంటండీ మాస్టారూ ఈ అన్యాయం!”

“ప్రాక్టీసండీ.”

“ఇంకొకటి లేపు అన్నయ్యా” అంది చెల్లెలు, తల పైకెత్తి.

లేపాను.