పూజ చేసిన రౌటరు

ఆ రోజుల్లో, అంటే డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, నేను దేన్నైనా ముందు లెక్కపెట్టి తర్వాత నమ్మేవాణ్ణి. (ఇప్పుడు లెక్కపెట్టాక కూడా నమ్మను. ఉద్యోగం అలాంటిది.) కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. తిరుచానూరులో మా మేనమామ లాడ్జి, ఆయుధ పూజ నాటి మధ్యాహ్నం. రిసెప్షన్‌లో ఉన్నవి: కంప్యూటరు ఒకటి, వైఫై రౌటరు ఒకటి, తాళంచెవుల బోర్డు ఒకటి. మూడింటికీ విభూతి, కుంకుమ బొట్లు. గుమ్మం ముందు పగిలిన గుమ్మడికాయ. ఉన్నవాళ్ళు: మామ, ఆయన తల్లి అయిన మా అవ్వ, ఆ లాడ్జికి కంప్యూటర్లు చూసే నేను. పైన ఇరవై నాలుగు గదులు, అన్నీ నిండినవే.

పూజ అందుకున్న పనిముట్టుకు మర్నాడు పొద్దున దాకా విశ్రాంతి అన్నది మామ నియమం. కానీ రౌటరు ఆపితే కెమెరాలు ఆగుతాయి, వైఫై లేదని యాత్రికులు కిందికి దిగుతారు. అందుకని ఆయనే ఒక దారి కనిపెట్టాడు: "అది పని చేస్తే చేసుకోనీ, మనం తాకగూడదు." కంప్యూటరు కూడా మౌసు మీద చామంతి పువ్వు పెట్టుకుని వెలుగుతూనే ఉంది. ఆ రోజు వచ్చినవాళ్ళ పేర్లు మామ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. అంతా ప్రశాంతంగా ఉండగా ఏడో నంబరు గదిలో దిగిన పలమనేరు పెద్దాయన మెట్లు దిగి వచ్చాడు.

"ఏమప్పా, మా రూములో టీవీ దానంతట అదే ఫోటోలు సూపిస్తా ఉండాది. ఎవురెవురో మొగాలు. సూస్తా ఉంటే నా మొగం గూడా వచ్చె."

"ఏం ఫోటోలు సార్?" అన్నాను.

"ఆధార్ కార్డులు. ఇదో, ఈయమ్మ గూడా వచ్చినాది. డెబ్బై నాలుగేండ్లంట కదా, అట్ల కనపడదు."

అవ్వ చేతిలోని తమలపాకు నోటి దాకా పోకుండా ఆగిపోయింది. (ఆమె తన వయసు అరవై ఆరని మా వీధిలో చాలా ఏళ్ళుగా చెబుతోంది. రెండు నెలల కిందట, ఫోనుతో కార్డుల ఫోటోలు తీసి కంప్యూటర్లో దాచడం మొదలైన రోజు, పరీక్షకని మామ పెట్టింది ఆమె కార్డే.) ఏడో గదిలో మాత్రమే పెట్టిన ఆ కొత్త రకం టీవీ వైఫైలో ఫోటోలు ఎక్కడ దొరికితే అక్కడినుంచి తెచ్చుకుని, ఖాళీగా ఉన్నప్పుడు వరసగా చూపిస్తుంది. అంటే గదులు తీసుకున్నవాళ్ళ కార్డులన్నీ దాచిన ఫోల్డర్ టీవీకి కనిపిస్తోంది. టీవీకి కనిపిస్తే అదే వైఫైలో ఉన్న ఏ ఫోనుకైనా కనిపిస్తుంది. నా ఫోను తీసి చూశాను. రెండుసార్లు నొక్కగానే తెరుచుకుంది. పేర్లు, ఇంటి చిరునామాలు, నంబర్లు, మామను నమ్మి కార్డు ఇచ్చిన ప్రతి ఒక్కరివీ. ఇక వైఫై పాస్‌వర్డ్ అంటారా, మామ దాన్ని అట్టముక్క మీద రాసి బయటికే వేలాడదీశాడు. ఎదురుగా టీ అంగడిలో కూర్చున్నవాళ్ళు కూడా అదే వాడేవాళ్ళు.

"మామా, ఇప్పుడే ఆపాలి," అన్నాను.

"రేయ్ ఇంజనీరూ, పూజ చేసి గంట గూడా కాలే. రేపు పొద్దున సూసుకుందాం."

"రేపటికి ఎవరైనా అన్నీ దింపుకుని పోతారు మామా."

"రెండు నెలల్నించీ పోనిది ఈ రోజే పోతాదా? గమ్మునుండు. కావాలంటే రేపు ఆ ఫోల్డర్‌కు ఒక పాస్‌వర్డ్ పెట్టెయ్."

"పాస్‌వర్డ్ ఒక్కటీ చాలదు. వచ్చినోళ్ళ ఫోన్లు, మన కంప్యూటరు, కెమెరాలు అన్నీ ఒకే వైఫైలో పెట్టినాం. ఇరవై నాలుగు గదులకూ ఒకే తాళంచెవి ఇస్తావా నువ్వు? మొత్తం ఊడబెరికి మళ్ళీ కట్టాల."

"ఆ తాళంచెవులకు గూడా పూజ చేసినా. ఈ రోజు ఎవురూ తాకేది లే."

అప్పుడు అవ్వ లేచింది. "ఒరే, నా కార్డు అందురికీ కనపడతా ఉండాదా?"

"అవునవ్వా."

"టీ అంగడోనికి గూడానా?"

"వాడికీ."

ఆమె రౌటరుకు రెండు చేతులూ జోడించి, "తప్పైతే నాది తల్లీ," అని కళ్ళకద్దుకుంది. మామ నోటుపుస్తకం మూసి పక్కకు జరిగాడు. నేను చామంతిని పక్కన పెట్టి మౌసు పట్టుకున్నాను. ఆ నిమిషాన ఫోల్డర్ ఎవరెవరు తెరిచి ఉంచారో కంప్యూటరు చూపించింది. జేబులో పుస్తకం తీసి రాసుకోసాగాను. ఒకటి, ఏడో గది టీవీ. రెండు, నా ఫోను. మూడు, కార్డుల ఫోటోలు తీసే మామ ఫోను. ఇంకొకటుంది. పేరు లేదు, ఉత్త నంబరు. ఒక్కో కార్డు తెరుస్తూ, మూస్తూ, వరసగా పోతోంది.

"ఒక్క నిమిషం ఆగవ్వా, ఇది ఎవరో..."

"నిమిషం లేదు, గిమిషం లేదు," అని ఆమె రౌటరు వైరు పీకేసింది. తెర మీద పేర్లన్నీ పోయాయి.

ఆ తర్వాత చీకటి పడేదాకా వైర్లతో కుస్తీ. యాత్రికులకు ఒక దారి, లాడ్జికి ఒక దారి, కెమెరాలకు ఒక దారి, ఒకదానికొకటి కనపడకుండా. కార్డులకు వేరే తాళం. వైఫై లేదని తిట్టినవాళ్ళందరికీ అవ్వే జవాబు చెప్పింది: "పూజ నాయనా, రేపు పొద్దున దాకా రాదు." మామ మాత్రం తప్పంతా టీవీదని తేల్చి, దాన్ని తన ఇంటికి మార్చుకున్నాడు. ఆయనకు నేను ఈనాటికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఫోల్డర్‌కు మొదట్లో పాస్‌వర్డ్ ఉండేది. రోజుకు పదిసార్లు "ఏందిరా అది, మళ్ళా అడగతా ఉండాది" అని మామ ఫోను చేస్తుంటే, విసుగొచ్చి తీసేసింది నేనే.

ఇప్పుడు వేరేవాళ్ళ ఆఫీసులకు వెళ్ళి ఇలాంటి కంతలు వెతకడమే నా పని. అక్కడి కుర్ర ఇంజనీర్లు తలెత్తకుండా "మాకు తెలియదు సార్" అంటే, లోపల నవ్వు వస్తుంది, గట్టిగా తిట్టబుద్ధి కాదు. ఆ చిన్న పుస్తకం ఇంకా నా బ్యాగులోనే ఉంది. ఆ పేజీలో కుంకుమ మరక, దాని కింద నా అక్షరాలు.

ఫోల్డర్ తెరిచినవి: నాలుగు. ఎవరివో తెలిసినవి: మూడు.