రబాబ్‌కి కప్పిన శాలువా

చెల్లెల్ని చూద్దామని దోహా వెళ్తే, అక్కడి తెలుగువాళ్ళు మహిళా దినోత్సవానికి నన్నూ ఒక అతిథిగా పిలిచారు. ఐన్ ఖాలిద్‌లో అద్దె హాలు. వేదిక మీద నా పక్కన ముఖ్య అతిథి, కాబూల్ నుంచి వచ్చేసిన ఒక పెద్దావిడ, ఒళ్ళో రబాబ్ అనే తీగల వాద్యం పెట్టుకుని కూర్చుంది. వాళ్ళ ఊళ్ళో రబాబ్‌తో వేదికెక్కిన మొదటి స్త్రీ ఆవిడే. తుపాకులవాళ్ళు సంగీతాన్ని నిషేధించాక కూడా, తలుపులు మూసుకుని ఆడపిల్లలకు నేర్పిందట.

వేదిక ఎక్కినవాడల్లా ఇదే కథ చెప్పాడు. ఆవిడ ధైర్యం గురించి గొంతు చించుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఆవిడ పేరు సరిగ్గా పలకడం రాలేదు. ఆవిడ మాత్రం ఓపిగ్గా తీగలు శ్రుతి చేసుకుంటూనే ఉంది. చివరికి శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఫోటోల కోసం ఎగబడ్డారు.

"మరి ఆవిడ వాయించేదెప్పుడండీ?" అని కార్యదర్శిని అడిగాను.

"టైమ్ మాఫీ అండీ, అస్సల్లేదు! బిర్యానీ చల్లారిపోద్ది," అన్నాడాయన, అక్కడి అరబ్బీ మాట కలిపి. "అయినా సన్మానం ఘనంగా చేశాం కదండీ, ఇంకేం కావాలి?"

ఆ మాట ఆవిడకి హిందీలో చెప్పే పని నామీద పడింది. సిగ్గుతో చెప్పాను. ఆవిడ నవ్వి, భుజాల మీది శాలువా తీసి, రబాబ్‌కి జాగ్రత్తగా చుట్టింది.

"అక్కడ సోదాకి వచ్చినప్పుడల్లా దీన్ని పిండిబస్తాలో దాచేదాన్ని," అంది. "దాచడానికి మీ శాలువా ఇంకా బాగుంది."