నీడలోకి జరిపిన చెప్పులు

కొత్తకోటలో హైవే పక్కన సూపర్ మార్కెట్ తెరిచిన వేసవిలో నేను పప్పుల ర్యాక్ దగ్గర పనికి కుదిరాను. మూడు నెలలు పని చూసి పర్మినెంట్ చేస్తామన్నారు. చేసినా, ఇంటికి పంపినా మేనేజర్ సార్ ఇష్టం.

మధ్యాహ్నమైతే అక్కడ మెలకువో కలో తెలిసేది కాదు. అద్దాల అవతల రోడ్డు నీళ్లలా కదిలేది. బస్సులు చప్పుడు లేకుండా తేలిపోయేవి. లోపల ఏసీ చల్లదనం, బెల్లం వాసన. ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఉత్త కాళ్లతో టైల్స్ మీద మెల్లగా నడిచేవాళ్లు. విడవక్కర్లేదని ఎంత చెప్పినా వింటేగా!

"గింత సల్లటి జాగల చెప్పులేస్కొని తిరుగుతరా బిడ్డా?" అని ఒక అవ్వ నన్నే కోప్పడింది.

తిరిగి వెళ్లేటప్పుడు చూడాలి వాళ్ల అవస్థ. ఎండకు చెప్పులు పెనంలా కాలిపోయి ఉండేవి. కాలు పెట్టగానే అబ్బబ్బా అని ఎగిరేవాళ్లు. నాకు ప్రాణం ఒప్పేది కాదు. నీడ జరిగినప్పుడల్లా బయటికెళ్లి చెప్పులన్నీ గోడవారకు జరిపేదాన్ని.

మూడు నెలలు నిండబోతుండగా ఒకరోజు మేనేజర్ సార్ పై గదిలో కెమెరాలో చూసి కిందికి దిగి వచ్చాడు. అప్పటికే కందిపప్పు ర్యాక్ ఖాళీ. ఒకామె పప్పు లేదనుకుని వెళ్లిపోయిందట.

"మాటిమాటికి బయటికెందుకు పోతున్నవమ్మా?"

చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. బయటికెళ్లి ఎండలో ఉన్న ఒక చెప్పు పట్టుకుని చటుక్కున వదిలేశాడు.

"నీ మనసు మంచిదే. కానీ గోదాంల స్టాకు ఉండంగ ర్యాక్ ఖాళీగ పెట్టినవ్. గిట్లయితే పర్మినెంట్ చెయ్య. ఇంకో నెల చూస్త."

ఒళ్లు మండింది. "గవి మీ అమ్మ కాళ్లయితే గిట్లనే అంటరా సార్?" అనేశాను. ఆయన మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. గోదాంలో బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. నౌకరి ఖాయమైనట్టేనని ఇంట్లో బాపుకు అప్పటికే చెప్పేశాను మరి.

మరునాడు వెళ్లేసరికి గుమ్మం ముందు నీడ కోసం గ్రీన్ నెట్ కట్టి ఉంది. సార్ స్టూలెక్కి చివరి ముడి వేస్తున్నాడు.

"ఇగ నీకు బయట పనిలేదు. లోపల చూస్కో," అన్నాడు, నా వైపు తిరగకుండానే.

ఆ రోజంతా చెప్పుల మీద ఆకుపచ్చని నీడ పడుకుని ఉంది. ఎవరూ ఎగరలేదు. చెప్పులు తొడుక్కుని మాట్లాడుకుంటూ ఎండలోకి కరిగిపోయారు. అద్దంలోంచి చూస్తుంటే ఎంత హాయనిపించిందో.

ఆయన మీద కోపం మాత్రం, నెల తర్వాత నన్ను పర్మినెంట్ చేసినప్పుడు కూడా పోలేదు. అయినా ఆ నెలంతా కందిపప్పు ర్యాక్ ఖాళీ కానివ్వలేదు.