ఉమ్మేసే గిన్నె ఇచ్చిన ఆపా

ఆపా చనిపోయిందని ఎల్లారెడ్డి బస్టాండుల విన్న. కామారెడ్డి నుంచి వచ్చిన కండక్టరు చాయ్ తాగుకుంట, "ఆస్పత్రిల తిండి చెప్పే ఆపా లేదా, పోయిందట, గుండెపోటు" అన్నడు. తిండి చెప్పే ఆపా! దుఃఖం కన్న ముందు నా ఒళ్లు మండింది. అందరం ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆమె డైటీషియన్. తినలేని మనిషిని తిండి దగ్గరికి ఎట్ల తేవాలెనో హైదరాబాదుల చదువుకొని వచ్చింది. గసుంటి మనిషితోని ఆస్పత్రోళ్లు వంటింటికి కూరగాయలు తూకం వేయించిన్రు. పోయినంక ఫొటోకు దండేసి, ఆమె గదిల విరిగిన మంచాలు పడేసిన్రు. ఆ కొలువుల ఇంకొకరిని పెట్టాలన్న సోయి ఎవనికీ లేదు.

ఆకలి మీద నేను చదివిన కరపత్రాలన్నీ గింజ దొరకనోళ్ల గురించే. వాళ్లకు గింజ దొరకదన్న కోపం నాకు ఇప్పటికీ ఉన్నది. కాని నిండిన పళ్లెం ముందర కూసోని వణికే పిల్ల గురించి ఏ కరపత్రంల ఒక్క ముక్క లేదు. ఆ పిల్ల మా ఇంట్లనే ఉండె.

మా చెల్లె జొన్నరొట్టె, వేయించిన పల్లీలు తప్ప ఏదీ ముట్టకపోయేది. పప్పు వాసనకే వాంతి. తడి తిండి నాలుకకు తగిలితే బెదిరిపోయేది. చిక్కి చిక్కి బడిల కండ్లు తిరిగి పడ్డది. "మొండిది, రెండు తగిలిస్తే అదే తింటది" అని బాపు. గాలి సోకిందని వాడకట్టు. తాయెత్తు కట్టిన్రు. ముక్కు మూసి నోట్ల కుక్కిన్రు. ఆఖరికి మా అవ్వ, బాపు తల్లి, పాపం ప్రేమతోనే, రొట్టె పిండిల ఉడికిన పప్పు కలిపింది. చెల్లె ఒక్క తునక కొరికి అవ్వ మొఖం చూసింది. ఆ పూట నుంచి రొట్టె గూడ బంద్.

అప్పుడు పోయినం కామారెడ్డికి. డాక్టరు సెలైన్ పెట్టి, "తినిపియ్యుండ్రి, ఇంకేముంది" అని వెళ్లిపోయిండు. ఆపా వచ్చి మంచం పక్కన కూసోని అంతా విన్నది. అవ్వను ఒక్క మాట అనలేదు. చెల్లె దిక్కు తిరిగి, "బేటా, నీకు చెప్పకుంట కలిపినం. తప్పు పెద్దోళ్లది. ఇగ కలపం" అన్నది. చిన్న పిల్లను మాఫీ అడుగుతుంటే బాపు నోరు తెరిచి చూసిండు.

తర్వాత సెలవు దొరికినప్పుడల్ల బస్సెక్కి మా ఇంటికే వచ్చేది. తినేటప్పుడు పిల్ల పళ్లెం దిక్కు ఎవ్వరూ చూడొద్దన్నది. "ఒక్క ముద్ద" అని ఎవ్వరూ అనొద్దన్నది. వేళకు రొట్టె, పల్లీలు ఇయ్యాలె, పక్కన కొత్తది గోరంత ఉండాలె. ముట్టుకున్నా సరే, వాసన చూసి పక్కకు పెట్టినా సరే. ఒకనాడు చిన్న స్టీలు గిన్నె చెల్లె ముందర పెట్టి, "నోట్ల పెట్టుకో బేటా, నచ్చకుంటే ఈ గిన్నెల ఉమ్మెయ్" అన్నది.

"తిండి ఉమ్ముడా! ఏం చదువమ్మా నీది?" అని అవ్వ లేసింది.

"నువ్వు పొద్దంత ఆకువక్క ఉమ్మవా అవ్వా?"

అవ్వ బుగ్గల ఆకువక్క ఉండె. మళ్ల కూసున్నది.

"ఉమ్మొచ్చని తెలిస్తేనే నోరు తెరుస్తది" అన్నది ఆపా, మెల్లగ.

చెల్లె ఉమ్మింది. నెలల తరబడి ఉమ్మింది. ఒకనాడు అరటిపండు ముక్క గిన్నెలకు రాలేదు. అమ్మ పెరట్లకు పోయి ఏడ్చింది. తర్వాత ఉడికిన గుడ్డు వచ్చింది, ఉత్త అన్నం వచ్చింది. పిల్ల మళ్ల బడికి పోయింది.

మొన్న ఆపా పోయిన నలభై దినాలకు ఆమె ఇంట్ల ఫాతెహా చదివి భోజనం పెడుతున్నరని పిలిస్తే పోయినం. భోజనాల బంతిల చెల్లె నా పక్కన కూసున్నది. ఎదురుంగ కూసున్న ఆస్పత్రి పెద్దమనిషి ఆమె పళ్లెంల ఉత్త అన్నం చూసి, "ఇదేంది బిడ్డా? ఆపా పేరు మీదన్న ఇంత దాల్చా పోసుకోవాలె. పొయ్యవయ్యా, పొయ్యి!" అన్నడు. ఆపా పేరు మీద! ఆమె బతుకంత దేని మీద కొట్లాడిందో అదే, ఆమె ఇంట్ల, ఆమె పేరు మీద! పక్కోని పళ్లెంల బలవంతంగ వడ్డించుడు మనకు మర్యాద. ఇసుంటి మర్యాదకు సిగ్గుండాలె.

నేను లేవబోయిన. తిట్లు నాలుక మీదనే ఉన్నయి. అంతల వడ్డించే అతను పప్పుతోని వండిన ఆ దాల్చా గరిటె వంచిండు.

చెల్లె రెండు చేతులు పళ్లెం మీద కప్పింది. "వద్దు. తినబుద్ధయిన నాడు నేనే అడుగుత" అన్నది.

వేడి దాల్చా ఆమె వేళ్ల మీద పడ్డది. చేతులు తియ్యలేదు.